మగవాళ్ల వార్డులో మేమిద్దరం

నర్సింగ్ స్కూల్లో చేరతానన్నప్పుడు మా ఇంట్లో పెద్ద గొడవేమీ జరగలేదు. మా నాన్న చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "అది ఆడపిల్లలు చదివేది కదరా?" అని మాత్రం అడిగాడు.

"మగవాళ్లను కూడా తీసుకుంటున్నారు నాన్నా."

"తీసుకుంటే తీసుకోనీ. నువ్వెందుకు వెళ్లడం?"

ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి సికింద్రాబాదులో మిషన్ బడి పంతులుగా స్థిరపడ్డ మనిషి. మా ఇల్లు సీతాఫల్‌మండిలో. నేను కూడా పంతులునో, రైల్వే ఆఫీసులో గుమాస్తానో అవుతానని ఆయన అనుకుని ఉంటాడు.

ఎందుకు వెళ్లాలనుకున్నానో ఆ రోజు ఆయనకు చెప్పలేకపోయాను. అంతకు ముందు సంవత్సరం టైఫాయిడ్ వచ్చి చాలా రోజులు ఆసుపత్రిలో పడి ఉన్నాను. మంచం దిగకూడదన్నారు. అన్ని అవసరాలూ మంచం మీదే తీరాలి. నర్సులంతా ఆడవాళ్లు. వాళ్లలో నా ఈడు పిల్లలు కూడా ఉండేవారు. సిగ్గుతో బిగబట్టుకుని పడుకునేవాణ్ని. ఆ వార్డులో ఒకే ఒక మగ నర్సు ఉండేవాడు. యుద్ధకాలంలో మిలిటరీ ఆసుపత్రిలో పనిచేసి వచ్చినాయన. ఆయన డ్యూటీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ని. వచ్చి, తెర లాగి, నా నడుం కింద చెయ్యి పెట్టి లేపేవాడు. పనైపోయాక దుప్పటి సర్ది పక్క మంచానికి వెళ్లిపోయేవాడు. ఓదార్చేవాడు కాదు, విసుక్కునేవాడూ కాదు. నాకు అలాంటి మనిషినవ్వాలనిపించింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

స్కూలు ఆసుపత్రి ఆవరణలోనే ఉండేది. మా బ్యాచిలో మగవాళ్లం ముగ్గురం చేరాం. ఒకతనికి పెళ్లి సంబంధం వచ్చింది. పిల్లవాడు చేసేదేమిటో తెలిసి పిల్ల తరఫువాళ్లు వెనక్కి తగ్గేసరికి, అతని తండ్రి వచ్చి అతన్ని తీసుకుపోయాడు. నేనూ, మౌలాలి రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఇంకొకతనూ మిగిలాం. అతని తండ్రి రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు. మనిషి పొడుగు. నోరు ఊరుకునేది కాదు. ఆడపిల్లలకు హాస్టలు ఉంది. మాకు చాకళ్లు బట్టలుతికే షెడ్డు వెనక ఒక గది ఇచ్చారు. గోడలు ఎప్పుడూ చెమ్మగా ఉండేవి. ప్రసవాల పాఠం రోజున మమ్మల్ని క్లాసులోంచి బయటికి పంపేసేవారు. ఆ గంటసేపు వరండాలో కూర్చుని, ఉతికి ఆరేసిన పట్టీలు బిగువుగా చుట్టి డబ్బాల్లో పెట్టేవాళ్లం.

మాకు పాఠం చెప్పే సిస్టర్ కోస్తా వైపు ఆవిడే. పెళ్లి చేసుకోలేదు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. పక్క వేయడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాం. దుప్పటి మూలలు ఎలా మడవాలో చూపించి, "ముడత ఉంటే అది నీ వీపు కింద ఉందనుకో" అనేది.

నేను మొదట ఒళ్లు తుడిచింది ఒక ముసలి జట్కావాలాకు. తుంటి ఎముక విరిగి పడుకున్నాడు. గోరువెచ్చటి నీళ్ల బేసిను పెట్టుకుని, చొక్కా విప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"ఒళ్లు తుడుస్తాను తాతా."

"నాకు చేతుల్లేవా? నేను తుడుసుకోనా?"

"మీరు కదలకూడదన్నారు డాక్టరుగారు."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "లగ్గమైందా నీకు?"

"లేదు."

"గీ పని జేస్తవని తెలిస్తే పిల్లనెవ్వడిస్తడు?"

మంచానికి అటువైపు నిలబడ్డ నా జతగాడు అందుకున్నాడు. "నాకిస్తరు తాతా. వీనికంటె నేను మంచిగ తుడుస్త. జెర మీ మనుమరాలు గిట్ట ఉంటె జెప్పు."

ముసలాయన పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు మంచం కదిలి బేసిను తిరగబడింది. నీళ్లన్నీ పరుపు మీదే. సిస్టర్ వచ్చి చూసి, మొత్తం పక్క తీసి మళ్లీ వేయమంది. విరిగిన తుంటి కదలకుండా మనిషిని ఒక పక్కకు ఒత్తిగిలించి పరుపు మార్చడం ఆ రోజే వచ్చింది మాకు.

రెండో సంవత్సరం, నలభై ఎనిమిది ఎండాకాలానికి ఊరు మారిపోయింది. నైజాం సరిహద్దుల దగ్గర సరుకులు ఆగిపోయాయన్నారు. మందులు రావడం తగ్గింది. పాత పట్టీలనే మళ్లీ మళ్లీ మరగబెట్టి వాడాం. పోగులు లేచిన పాత దుప్పట్లు చింపి కొత్త పట్టీలు చేశాం. బస్తీల్లో ఖాకీ బట్టలు వేసుకున్న వాలంటీర్లు సాయంత్రాలు కవాతు చేసేవారు. నైజాం రాజ్యాన్ని కాపాడతామనేవారు. ఊళ్ల మీద పడి వాళ్లు ఏమేం చేస్తున్నారో వార్డుకు వచ్చే పల్లెటూరి రోగులు గుసగుసగా చెప్పుకునేవారు. వరంగల్, నల్గొండ వైపు నుంచి జనం ఇల్లూ వాకిలీ వదిలి బంధువుల ఇళ్లకు చేరుతున్నారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఇంటికి వెళితే మా నాన్న కాలు స్టూలు మీద చాపుకుని కూర్చుని ఉన్నాడు. కాలిపిక్క మీద పుండు. ఆకుపసరేదో పూసి గుడ్డ చుట్టాడు. కాసేపు బడి సంగతులూ, ఊరి సంగతులూ మాట్లాడి, చివరికి కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇదేమిటో ఒకసారి చూడు" అన్నాడు. నీళ్లు కాచి, కడిగి, కట్టు కట్టాను. కట్టేంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. లేచి నాలుగడుగులు వేసి, "బిగువుగా లేదు, వదులుగానూ లేదు" అన్నాడు. తర్వాత ఎప్పుడూ నా చదువు గురించి అడగలేదు.

వర్షాలు మొదలయ్యాక నా జతగాడికి ఇంటి నుంచి కబురొచ్చింది. వెళ్లి, కొన్నాళ్లకు తిరిగి వచ్చాడు. చెమ్మ గోడల గదిలో మంచం మీద కూర్చున్నాడు. బూట్లు విప్పలేదు.

"మా బావను సంపిండ్రు" అన్నాడు.

వాళ్ల అక్కను ఇచ్చిన ఊరు జనగామ అవతల. ఖాకీల వాళ్లు ఊరి మీద పడ్డారు. బావ పొలం నుంచి వస్తూ వాళ్లకు ఎదురుపడ్డాడు.

"మీ అక్క?"

"తోలుకొచ్చినం. మౌలాలిలనే ఉన్నది. మాట్లాడ్తలేదు."

అతను మర్నాడు డ్యూటీకి వచ్చాడు. జోకులు మానేశాడు. మిగతాదంతా మామూలుగానే చేశాడు.

సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది. ఆకాశంలో విమానాలు తిరిగాయి. ఆసుపత్రి కిటికీల అద్దాలకు కాగితాలు అంటించాం. భయపడినంత ఏమీ జరగలేదు. వారం తిరగకుండానే అయిపోయిందన్నారు. సైన్యం సికింద్రాబాదులోకి వస్తున్నప్పుడు మేమంతా మేడ మీదికి ఎక్కాం. దూరంగా దుమ్ము, లారీల వరస, జనం అరుపులు. ఆడపిల్లలు చేతులు ఊపారు. సిస్టర్ మెట్ల దగ్గరికి వచ్చి, "టెంపరేచర్లు ఎవరు చూస్తారు?" అంది. దిగిపోయాం.

ఆ తర్వాతి రోజుల్లోనే మా వార్డుకు ఒక దర్జీని తెచ్చారు. పాతికేళ్లుంటాయి. ఖాకీ లాగుతో ఊరు దాటి పోబోతుంటే జనం పట్టుకుని కొట్టారట. తల కాపాడుకోవడానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. రెండు చేతులూ నుజ్జయ్యాయి. డాక్టరు కుడిచేతి రెండు వేళ్లు తీసేసి, మిగిలినవాటికి బద్దలు వేసి కట్టు కట్టాడు. రెండు చేతులూ రెండు తెల్లటి ఉండల్లా దిండ్ల మీద ఉండేవి. నీళ్లు తాగాలన్నా ఇంకొకరు తాగించాలి.

నా జతగాడు వార్డులోకి వస్తూనే ఆ మంచం దగ్గర ఆగిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి వరండాలోకి వెళ్లిపోయాడు. నేను వెనకాలే వెళ్లాను.

"వాన్ని నేనెరుగుదు" అన్నాడు. "మా కాలనీ పక్కకే వాని దుకాణం. ఖాకీ లాగులు కుట్టిండు. తను సుత ఏసుకొని కవాతు జేసిండు. నేను కండ్లార జూసిన."

"మీ అక్క ఊరికి పోయిన వాళ్లలో ఉన్నాడా?"

"నాకేం తెలుసు? ఉంటె ఏంది, లేకుంటె ఏంది? నాతోని గాదు."

ఆ మధ్యాహ్నం ఆ మంచానికి అన్నం తినిపించాల్సిన వంతు అతనిది. వెళ్లలేదు. సిస్టర్ పిలిపించింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఏమయ్యా, అతనికి అన్నం పెట్టనన్నావట?"

"అవునమ్మా."

"కారణం తెలుసు నాకు. కానీ ఆకలితో ఉన్న మనిషికి పెట్టనంటే ఎలా?"

"వేరే ఎవరినన్న పెట్టుమనుండ్రి. నా చెయ్యి లేస్తలేదు. బలవంతంగ పెడితే చెంచా గొంతుల పొడుస్తనేమో అని భయమైతున్నది."

బడి వదిలి పొమ్మంటుందనుకున్నాను. "సరే, ఆపరేషన్ గదిలో పనిముట్లు కడుగు. అవి మరిగించి, తుడిచి, సర్దాలి. మళ్లీ నేను చెప్పేదాకా అక్కడే ఉండు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ మంచం నువ్వు చూసుకో" అంది.

చూసుకున్నాను. పొద్దున ముఖం కడగడం, కట్టు మార్చడం, అన్నం తినిపించడం. మొదట్లో అతను కళ్లు మూసుకునే నోరు తెరిచేవాడు. తర్వాత మాట్లాడటం షురూ చేశాడు. పప్పులో ఉప్పు లేదనేవాడు. చాయ్ చల్లారిందనేవాడు. నాకు అతని మీద జాలీ లేదు, కోపమూ లేదు. అలా లేకపోవడం తప్పేమోనని ఒకటి రెండుసార్లు అనుకున్నాను.

ఒకరోజు అడిగాడు. "భాయ్, ఆ పొడుగు లంబూ ఇంతకుముందు గీ వార్డులనే ఉంటుండె అంటున్నరు. ఇప్పుడెందుకు వస్తలేడు?"

చెప్పాను. దాచడానికి నాకు కారణం కనిపించలేదు.

అతను నోట్లో ఉన్న ముద్ద మింగాడు. "నేను ఊర్లకు పోలే. మైదాన్‌ల కవాతు జేసిన, బట్టలు కుట్టిచ్చిన, గంతే. అల్లా కసమ్. నువ్వు నమ్ముతవా?"

"నాకు తెలియదు."

"వానికి జెప్తవా?"

"చెప్పను. చెప్పాలనుంటే నువ్వే చెప్పు."

అతను ముఖం తిప్పుకున్నాడు. ఆ పూట ఇంక తినలేదు.

వాళ్లమ్మ బురఖాలో వచ్చేది. కొడుకు మంచం పక్కన నేల మీద కూర్చుని, ముసుగు వెనక ఏడ్చేది. వెళ్లేటప్పుడు నాకు సలాం చేసి, "నీ తల్లి కడుపు చల్లగుండాలె బేటా" అనేది.

చలికాలం మొదట్లో నాకు జ్వరం వచ్చి రెండు మూడు రోజులు గదిలోనే పడుకున్నాను. తిరిగి వార్డుకు వెళ్లిన రోజున దర్జీ నన్ను చూస్తూనే అన్నాడు: "నిన్న లంబూ వచ్చిండు."

"ఇక్కడికా?"

"అన్నం తినిపిచ్చిండు. ఒక్క మాట లేదు. ఇంజన్ల బొగ్గు ఏసినట్టు ఏసిండు నోట్లె. నేను జెప్పాలనుకున్నది సుత జెప్పనియ్యలే. మూతి తుడిసి పోయిండు."

సాయంత్రం గదిలో నా జతగాణ్ని అడిగాను. అతను బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు.

"పనిముట్ల డబ్బా తీస్కపోదామని వచ్చిన. పళ్లెం పెట్టి పోయిండ్రు, తినిపించెటోళ్లు లేరు. ఈగలు వాల్తున్నయ్" అన్నాడు.

"అతనేదో చెప్పాలనుకున్నాడట."

"నాకద్దు."

తర్వాత మళ్లీ ఆ మంచం దగ్గరికి అతను పోలేదు. మా ఎవరి ముందూ సిస్టర్ ఆ సంగతి ఎత్తలేదు. ఆపరేషన్ గదిలోనే అతన్ని ఉంచేసింది. అక్కడ అతను బాగా కుదురుకున్నాడు.

దర్జీ చేతుల కట్లు విప్పాక మిగిలిన వేళ్లు వంగలేదు. వేడినీళ్లలో పెట్టి రోజూ కదిలించాను. బొటనవేలూ చూపుడువేలూ కొంచెం కలిసేవి. అంతే. నడవగలిగాక పోలీసులు వచ్చి తీసుకుపోయారు. కొన్ని నెలలు జైల్లో పెట్టి వదిలేశారని వాళ్లమ్మ తర్వాత కళ్ల మందుకు వచ్చినప్పుడు చెప్పింది. ఇప్పుడు దుకాణంలో తమ్ముడు కుడుతున్నాడట, ఇతను కొలతలు చెబుతాడట. నా జతగాడి అక్క చాలా కాలం మౌలాలిలోనే ఉంది. మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఊళ్లో పొలం మరిది చేస్తున్నాడు. ఆవిడ మాత్రం తిరిగి పోలేదు.

మా చివరి పరీక్షలయ్యాక ఆసుపత్రి హాల్లో చిన్న సభ పెట్టారు. పాసైన ఆడపిల్లలకు తల మీద తెల్ల టోపీ పెట్టి, చేతికి వెలిగించిన కొవ్వొత్తి ఇవ్వడం అక్కడి ఆచారం. మగవాళ్లకు ఏం పెట్టాలో ఎవరికీ తెలియదు. అంతకుముందు బ్యాచిల్లో మగవాళ్లు లేరు. సిస్టర్ ఆలోచించి, మా చొక్కా జేబుల మీద ఎర్ర గుడ్డతో ఒక పట్టీ తనే కుట్టింది. ఇద్దరి పట్టీల కుట్టూ కొంచెం వంకర. వరసలో అందరికంటే చివర నిలబడ్డాం. కొవ్వొత్తులు పట్టుకున్న ఆడపిల్లల పక్కన మా చేతులు ఖాళీగా వేలాడాయి. నా జతగాడు నా వైపు వంగి, "గీ చేతులేం జేద్దామురా?" అన్నాడు. చాలా రోజుల తర్వాత అతని నోటి నుంచి వచ్చిన జోకు అది. వెనక్కి కట్టుకోమన్నాను. ఇద్దరం చేతులు వెనక్కి కట్టుకుని పాట అయిపోయేదాకా నిలబడ్డాం.

అతను రైల్వే ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి వెళ్లాడు. నన్ను ఇక్కడే ఎముకలు విరిగిన వాళ్ల వార్డులో వేశారు. గది ఖాళీ చేసే రోజున అతను తన ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని, "వస్త" అని చెప్పి, చాకళ్ల షెడ్డు పక్కనుంచి ఆరేసిన దుప్పట్లు తప్పించుకుంటూ గేటు వైపు నడిచాడు. నేను డ్యూటీకి వెళ్లాను.