నితీష్ తాయెత్తు

పద్మావతి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక అద్దాల మేడలో పద్నాలుగో అంతస్తు శుభ్రం చేస్తుంది. ఆమె కూతురు పింకీకి జబ్బని తెలిశాక ఆ అంతస్తులో చాలామంది ఆమెకు ఒకే మాట చెప్పారు. ఇలాంటి పిల్లల్ని దేవుడు గట్టి తల్లులకే ఇస్తాడట. పద్మావతి గట్టి మనిషేం కాదు. ముప్పై ఏళ్లకే నడుం పట్టేసింది, లిఫ్టులో ఒంటరిగా ఎక్కాలంటే భయం. గట్టితనం చూసే ఇచ్చాడంటే ఆ దేవుడికి మనుషుల్ని పోల్చుకోవడం రాదనుకోవాలి.

పనికొచ్చే మాట చెప్పింది టీమ్ లీడ్ సంయుక్త ఒక్కతే. "మామూలు పిల్లల డాక్టర్ల చుట్టూ తిరిగితే లాభం లేదు పద్మా, జెనెటిక్స్ వాళ్లకి చూపించాలి" అని తనే ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకుని, టైము చీటీ మీద రాసిచ్చింది.

పింకీకి మూడేళ్లు. ఏడాదికే నడక వచ్చి, ఖాజాగూడలో వాళ్ల గల్లీ అంతా తిరిగింది. రెండేళ్లు దాటాక గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయింది. ఆ తర్వాత కూర్చుండిపోయింది. ఇదే వరస పద్మావతి ఇదివరకు ఒకసారి చూసింది. పెద్దవాడు నితీష్ కూడా ఇలాగే ముందు నడక మర్చిపోయి, తర్వాత మాట మర్చిపోయి, నాలుగేళ్లకు పోయాడు. వాడి జబ్బు పేరేమిటో ఎవరూ చెప్పలేదు.

జెనెటిక్స్ డాక్టర్ రాజరాజేశ్వరి పెద్దావిడ. ఊరికే నవ్వే అలవాటు లేదు, అబద్ధం చెప్పే అలవాటూ లేదు.

"పాప జన్యువుల్లో ఒక తేడా కనపడిందమ్మా. ఇంతవరకు ఎవరిలోనూ చూడని తేడా. అది హాని చెయ్యని ఉత్త తేడాయే అయితే పాపది వేరే జబ్బు, దానికి మందుంది. ఇదంతా ఆ తేడా వల్లే అయితే మందు లేదు."

"మందు వాడి చూస్తే తెల్వదా మేడం?"

"వాడి చూసే మందు కాదది. ఆ జబ్బు లేనివాళ్లకిస్తే ప్రాణం మీదకొస్తుంది. మీ బాబులో కూడా ఇదే తేడా ఉందేమో చూడగలిగితే తేలిపోతుంది. వాడి ఫైలు గానీ, దాచిన రక్తం గానీ ఉందా?"

పక్కన కూర్చున్న నర్సింహ తల దించుకున్నాడు. పద్మావతి భర్త, వాటర్ ట్యాంకర్ నడుపుతాడు. నితీష్‌ని పూడ్చి వచ్చిన రోజే వాడి బట్టలు, బొమ్మలు, ఎక్స్‌రేలు, ఫైలు అన్నీ మూటగట్టి, మూటకు రాయి కట్టి, చెరువులో వేశాడు. పోయిన పిల్లగాడి సామాను ఇంట్లో ఉంటే పుట్టబోయేవాళ్లకు మంచిది కాదని పెద్దలు చెప్పారు. పెద్దలకు జన్యువుల సంగతి తెలియదు. ఆ సంగతి తెలిసిన ఆసుపత్రివాళ్లు కూడా అన్నేళ్ల కిందటి కాగితాలు తమ దగ్గర లేవన్నారు.

"పుట్టువెంట్రుకలు?"

"కొండకిచ్చినం."

"పాలపళ్లు?"

"ఊడకముందే పోయిండు మేడం."

అడుగుతూనే డాక్టర్ పింకీని బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూస్తోంది. మొలతాడుకున్న వెండి తాయెత్తు వేళ్లకు అడ్డమొస్తుంటే పక్కకు జరిపింది. అది మళ్లీ జారింది, మళ్లీ జరిపింది. పద్మావతి చూస్తూ ఊరుకుంది.

ఆ తాయెత్తు నితీష్‌ది. వాడు పుట్టిన తొమ్మిదోనాడు ఊడిన బొడ్డు ముక్కను అత్త పోచమ్మ ఎండబెట్టి, వెండి గొట్టంలో పెట్టించి వాడి మొలకు కట్టింది. మూట కట్టిన రోజు పద్మావతి మొగుడికి తెలియకుండా దాచింది అదొక్కటే. పింకీ పుట్టాక, అన్న కాపలా ఉంటాడని అత్తకు నచ్చజెప్పి దీనికి కట్టింది. నర్సింహ అది కొత్తదనుకున్నాడు.

ఇంటికెళ్లాక, తాయెత్తు డాక్టర్‌కి ఇస్తానని అత్తకు చెప్పింది. పోచమ్మ చింతపండు పిసుకుతోంది.

"వానిది వాళ్ల చేతికిస్తవా? ఎందుకే?"

"పరీక్ష చేస్తరట అత్తమ్మ."

"బతికున్నన్నాళ్లు పొడిచి పొడిచి చూసిండ్రు. సచ్చినంక గూడ ఇడువరా?"

"వానిది దీనిది ఒక్కటి గాకపోతే మందున్నదట."

"ఇప్పితే కాపలా పోతది."

"కాపలా ఉంటే ఇదెందుకు నడుస్తలేదు?"

పోచమ్మ చేతులు కడుక్కుని వచ్చి, ముడితో కుస్తీ పడుతున్న కోడల్ని చూసి, "జర జరుగు, నీ గోర్లకు రాదు" అని తనే విప్పింది.

మర్నాడు లోపలున్నదేమిటో విని, డాక్టర్ తాయెత్తును అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిన్న నేను పక్కకు జరిపింది దీన్నేనా? చెప్పొచ్చు కదమ్మా."

"చెప్దామనే ఉండె మేడం. నోరు రాలే."

"ఇందులో ఏమైనా తెలుస్తుందని మాటివ్వలేను. పైగా ముక్క మొత్తం పరీక్షకే అయిపోవచ్చు. సరేనా?"

పద్మావతి సరేనంది. వాడిదంటూ ఇక ఏమీ మిగలదని తెలిసే అంది.

ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాలూ ఆమె కోరుకున్నది ఒక్కటే, తన పిల్లలిద్దరూ ఒకలాంటివాళ్లు కాకూడదని. పింకీ నుదురు, చెవులు, అలిగితే పెదవి విరిచే తీరు అన్నీ అన్నవే. ఇన్నాళ్లూ ఆ పోలికలు చూసి మురిసిన మనిషి ఇప్పుడు తేడాలు వెతకసాగింది. వాడిది ఎడమచేతివాటం, దీనిది కాదు. వాడు పెరుగన్నం కోసం ఏడ్చేవాడు, ఇది ఉమ్మేస్తుంది. అద్దాలు తుడుస్తూ ఇవే తలుచుకునేది.

పింకీ మాత్రం తాయెత్తు కోసం వెతికేది. నిద్రొచ్చినప్పుడు దాన్ని రెండు వేళ్ల మధ్య దొర్లించడం అలవాటు. చెయ్యి మొల దగ్గరకు పోయి, ఏమీ దొరక్క, అక్కడే ఆగేది.

డాక్టర్ కబురు చేసింది. భార్యాభర్తలు కూర్చోగానే చెప్పేసింది.

"ఇద్దరిదీ ఒకటేనమ్మా."

"అంటే మందు?" అన్నాడు నర్సింహ.

"లేదు నాయనా. ఇక్కడే కాదు, ఎక్కడా లేదు. ఫిట్స్ రాకుండా, తిండి గొంతుకు అడ్డం పడకుండా చూసుకోవాలి. అంతవరకు మేం చేస్తాం."

"ఫైలు నేనే చెరువుల ఏసిన మేడం."

"ఫైలున్నా మందు రాదు. అది మనసులో పెట్టుకోకు."

పద్మావతి ఒక్కటే అడిగింది. "వానిదేమన్న మిగిలిందా?"

డాక్టర్ సొరుగు తీసి వెండి గొట్టం ఆమె చేతిలో పెట్టింది. దాని మూత ఊడి ఉంది, లోపల ఏమీ లేదు.

ఇంటి దగ్గర పోచమ్మ వాళ్ల ముఖాలు చూసి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చింది. కోడలు పింకీని ఒళ్లో వేసుకుని ఆ గొట్టాన్నే మళ్లీ మొలతాడుకు కడుతుంటే మాత్రం ఊరుకోలేకపోయింది.

"ఖాళీదెందుకే?"

"దీనికి ఆట అత్తమ్మ. ఎతుకుతున్నది."

పింకీ చెయ్యి వెళ్లింది. రెండుసార్లు వేళ్లు జారిపోయాయి, మూడోసారి పట్టుకుంది.

నర్సింహ కూతురి ఫైలు పట్టుకుని ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. ట్యాంకర్లోంచి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి, ఫైలు అందులో పెట్టి, మూతి మడిచి, తాడు చుట్టాడు.

"ఏడ పెట్టాలె?" అని భార్యను అడిగాడు.

"సజ్జ మీద పెట్టు" అంది. "వాన జల్లు కొట్టని కాడ."