మెయిన్ ఆపే గదిలో రూటర్: నాగాయలంక ప్రయాణం

మామూలుగా గుడివాడ ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండా చేసే నెట్‌వర్క్ పని కోసం దివిసీమ చివరిదాకా వెళ్లాల్సి వచ్చింది. నాగాయలంకలో పీతల వ్యాపారం చేసే నాంచారయ్య గారికి మా కంపెనీ ఇచ్చిన రూటర్ మూడు రోజులుగా పొద్దున్నే మొరాయిస్తోంది; అది లేవకపోతే దూరం నుంచి సరిచేయలేం. బతికున్న పీతలను వీడియోలో చూశాకే చెన్నై వ్యాపారి ధర చెబుతాడు. నెట్ లేకపోతే సరుకంతా ఊళ్లో దళారి చెప్పిన రేటుకే పోతుంది. అల్లుడి పడవ సముద్రం మీద ఉందని, రేపటి సరుకైనా దక్కించమని ఆయన ఫోన్లో బతిమాలారు. నిద్ర చాలని కళ్లతోనే బయల్దేరాను.

ఆరున్నర బస్సులో పామర్రు, అక్కడి నుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరాను. దారంతా మోకాళ్లకు ఎవరిదో దాణా బస్తా ఒరుసుకుంటూనే ఉంది. అవనిగడ్డలో ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కితే ముప్పై రూపాయలు తీసుకున్నాడు. నెట్ బాగుచేయడానికి వెళ్తున్నానంటే, ముందు మా ఊరి కరెంటు సంగతి చూడమన్నాడు డ్రైవర్. నవ్వే ఓపిక కూడా లేదు.

నాంచారయ్య గారి గదిలో సగం వలలు, సగం బుట్టలు. ల్యాప్‌టాప్ తగిలించగానే విషయం తెలిసింది. కరెంటు రాగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను బందరులోని మా సర్వర్ నుంచి తెచ్చుకోవాలని, దొరక్కపోతే ఆగిపోవాలని ఈమధ్యే మావాళ్లు రూటర్‌లో పెట్టారు. ఆఫీసుల్లో రూటర్‌ను ఎవరూ ఆపరు కాబట్టి ఇబ్బంది రాలేదు. ఇక్కడ చీకటి పడితే ఆయన మెయిన్ స్విచ్ ఆపేస్తారు. పొద్దున్నే వేసినప్పుడు, పక్కనున్న మోడెం లేచేలోపే రూటర్ బందరును అడిగి, జవాబు రాక చతికిలబడుతోంది.

మెయిన్ ఆపకుండా ఉండలేరా అని విసుగ్గానే అడిగాను.

"ఉప్పుగాలి వైర్లను తినేసిందండీ. నిరుడు రవ్వలు పడి రెండు వలలు కాలిపోయినాయి. మీ పెట్టె కోసం మళ్లీ కాల్చుకోమంటారా?"

ఇక రూటర్ సెట్టింగే మార్చాను. ముందు తన ఫ్లాష్ మెమరీలో ఉన్న కాపీతోనే లేవాలి, అది పాడైతేనే బందరును అడగాలి. సేవ్ చేసి, రూటర్‌ను రీస్టార్ట్ చేసి చూపించి, రెండింటి బస్సు కోసం బ్యాగు సర్దుకున్నాను. అంతలో నాంచారయ్య గారు లేచి మెయిన్ లాగేశారు.

"రేపు పొద్దున మీరుండరు గదండీ."

కోపమొచ్చింది, భయమూ వేసింది. ఆయన మళ్లీ మెయిన్ వేసి బుట్ట మీద కూర్చున్నారు. ఇద్దరం పెట్టెనే చూస్తున్నాం. చివరికి పచ్చ దీపం నిలబడింది. నా బస్సు మాత్రం వెళ్లిపోయింది.

తర్వాతి బస్సులో నిలబడి వస్తూ ఆలోచిస్తే ఆయన చేసిందే సబబనిపించింది. నేను పనైపోయిందా అని చూసుకున్నాను, ఆయన తన మర్నాటి పొద్దును చూసుకున్నారు. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు ఒకటే మాట: ఆ గదిలో రోజూ కరెంటు ఎలా ఆపుతారో, ఎలా వేస్తారో, మీరక్కడ ఉండగానే వాళ్ల చేత్తోనే చేయించి చూడండి. మర్నాడు పొద్దున ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను. నాంచారయ్య గారు ఫోన్ చేయలేదు. మా పనిలో ఇంతకన్నా మంచి కబురు ఉండదు.