వియ్యంకుడు కండువా కప్పుకున్నాడు

నా పేరు సాయమ్మ. వయసు అరవై దాటింది. మణికొండలో కొడుకు, కోడలితో ఉంటున్నాను. నాకు రాయడం రాదు కాబట్టి ఈ రోజు జరిగినది చెప్పి రాయిస్తున్నాను.

నా కూతురికి మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది. పొద్దున దవాఖానకు వచ్చిన వియ్యంకుడు, తన కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానన్నాడు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి బీజమేనని డాక్టరమ్మ చెప్పింది. కడుపులో అందరి ఒళ్లూ మొదట ఒకే తీరుగా మొదలవుతుందని, ఆడా మగా తేడా తర్వాతే ఏర్పడుతుందని కూడా చెప్పింది.

"మా వంశంల గట్లుండదమ్మా. మగోడు మొదటి దినం నుంచే మగోడు," అన్నాడాయన.

ఒంటి మీద చొక్కా లేదు, భుజాన కండువా మాత్రమే ఉంది. నేను వేలెత్తి చూపించాను.

"మరి నీ రొమ్ము మీద గా రెండు ఏందన్నా? ఎవలికి పాలిద్దామని?"

అవి తేడా ఏర్పడకముందు మొలిచినవేనని డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. వియ్యంకుడు కండువా మెడదాకా కప్పుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం అల్లుడు అంగీ గుండీలన్నీ పెట్టుకుని వచ్చి బిడ్డను ఎత్తుకున్నాడు.

నేనన్నది తప్పనే మగవాళ్లు రావచ్చు. చొక్కా విప్పి మాట్లాడాలి.

సాయమ్మ వేలిముద్ర.
సాక్షులు: ఆయా నర్సమ్మ, పక్క మంచం బాలమణి.