దుబాయి పెట్టె, మిషను గుడి గుమ్మం

మా ఊళ్ళో చర్చిని ఎవరూ చర్చి అనరు. మిషను గుడి అంటారు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఆటో దిగగానే కనిపించేది అదే. ఎప్పుడో కరువు కాలంలో ఒక ఇంగ్లండు దొర నల్లరాతితో కట్టించాడట. రాయి మోసినవాళ్ళకు గంజి పోశాడట. గోడలు కోటగోడల్లా ఉంటాయి. గుమ్మం మాత్రం ఆ గోడలకు తలవంపులు. ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒకరు దేవుడి దగ్గరికి పోతారు, ఇంకొకరు గోడకు కొట్టుకుంటారు.

పరలోకానికి దారి ఇరుకు కాబట్టి దొర కావాలనే అలా కట్టించాడని అయ్యగారు ప్రసంగంలో చెప్పేవారు. వెనక చాప మీద కూర్చున్న మా నాయనమ్మ గొణిగేది: "పరలోకం లేదు, ఏం లేదు. గంజి తాగినోళ్ళు గంతకన్న పొడుగు రాయి లేపలేకపోయిండ్రు. ఎంత రాయి లేస్తే గంతే దర్వాజ."

చిన్నాయన సాంచాలు నడిపేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. అవి ఆగిపోయాక దుబాయి పోయాడు. నిజానికి పోయింది మస్కట్. మా దగ్గర విమానం ఎక్కినవాడు ఎక్కడ దిగినా దుబాయే. తిరిగి పెట్టెలో వచ్చాడు. గుండె ఆగి చనిపోయాడని అక్కడివాళ్ళు చెప్పారు. ఎవరు చచ్చినా ఆగేది గుండే కాబట్టి ఊరు నమ్మలేదు. అక్కడి కూలీల క్యాంపులో ఉరేసుకున్నాడన్న మాట పెట్టెకన్నా ముందే ఊరు చేరింది.

గుడిలో ఒక పద్ధతి ఉంది. చనిపోయినవాళ్ళను లోపలికి తెచ్చి వేదిక ముందు పెట్టి ప్రార్థన చేస్తారు. ఉరేసుకున్నవాళ్ళను, పురుగుల మందు తాగినవాళ్ళను మాత్రం గడప బయటే ఉంచుతారు. ప్రార్థన అదే, పాట అదే, ఎండ ఒక్కటే అదనం. సాంచాలు బందయిన ఆ ఏళ్ళలో లోపలికన్నా బయటే ఎక్కువ ప్రార్థనలు జరిగాయి.

చిన్నమ్మ గుడి కమిటీ పెద్దాయన ముందు నిలబడింది. "మా ఆయన లోపటికే రావాలె. బయట పెడితే రేపటి సంది నా పిల్లలు ఉరేసుకున్నోని పిల్లలు."

"వద్దని ఎవరన్నరమ్మా? తీసుకరాండ్రి," అన్నాడు పెద్దాయన ఉదారంగా. గుమ్మాన్ని ఆయన అప్పటికే ఒకసారి, పెట్టెను ఒకసారి చూసుకున్నాడు.

దుబాయి పెట్టె మన వడ్లాయన, అంటే ఊరి వడ్రంగి, చేసే పెట్టెలాంటిది కాదు. మంచమంత వెడల్పు. గుమ్మంలో ఇరుక్కుంది. ముందు వైపు నేనే మోస్తున్నాను. ఎడమకు, కుడికి, కొంచెం వెనక్కి అంటూ కొత్త బీరువా ఎక్కిస్తున్నట్టు తలో సలహా ఇచ్చారు.

"పెట్టె తెరిసి మనిషినే తీసుకపోదాం," అన్నాడొకాయన.

"నువ్వు తెరువు కాకా. మేం దూరంగ నిలవడి నీ కోసం గూడ ప్రార్థన జేస్తం," అన్నాను. చిన్నాయన చనిపోయి చాలా రోజులయింది. కాక రెండడుగులు వెనక్కి జరిగాడు.

"పక్క రాయి ఒక్కటి తీస్తే?" అన్నారెవరో.

"దొర కాలంనాటి రాయి. ముట్టద్దు," అన్నాడు పెద్దాయన.

మిగిలింది ఒకటే దారి, పెట్టెను పక్కకు ఒరిగించి దూర్చడం. అందరూ చిన్నమ్మ వైపు చూశారు.

"ఒంపుండ్రి. ఏం గాదు," అంది.

ఒంపాం. సగం లోపలికి పోయింది. అప్పుడు పెట్టెలో ఏదో జారి పక్క చెక్కకు దబ్బున తగిలింది. లోపల పాట పాడుతున్న పాస్టరమ్మ ఆపేసింది.

"ఆపుండ్రి," అంది చిన్నమ్మ. "దెబ్బ తాకింది."

"సగం పోయింది చిన్నమ్మా. ఇంకొంచెమే."

"తాకిందిరా ఆయనకు. బయటికి తియ్యుండ్రి."

"బయట పెడితే ఏమంటరో ఎరికేనా?"

"ఎరికే. తియ్యి."

తీశాం. చెట్టు లేదు, పందిరి లేదు, ఎండలోనే నేల మీద తిన్నగా పెట్టాం. అయ్యగారు గడప లోపల నీడలో నిలబడి ప్రార్థన చేశారు. ఒక ముసలమ్మ చిన్నమ్మ పక్కకు జరిగి, అందరికీ వినపడేలా చెవిలో చెప్పింది: "ఏడువకు బిడ్డా. ఉరేసుకున్నోనికి గింతమంది వచ్చుడే ఎక్కువ."

చిన్నమ్మ ఏడవడం లేదు. తల కూడా తిప్పలేదు. దెబ్బ తగిలిన పక్క చెక్కను అరచేత్తో మెల్లగా రాస్తూ కూర్చుంది.