గజం తోక పిట్ట

మా బాబాయి కళ్ళు మూసుకుని పిట్టల్ని చూస్తాడు.

అబద్ధమనుకుంటే ఏ ఆదివారమైనా పొద్దున్నే మా వీధి చివరి పార్కుకి రండి. పదిమంది బెంచీల మీద కళ్ళు మూసుకుని కూర్చుంటారు. మధ్యలో, మెడలో టేపు తియ్యడం మరిచిపోయిన దర్జీ ఒకడు, "ఎడంపక్క, నూనెలేని మిషన్‌లా అరిచేది ఎవరు?" అని అడుగుతుంటాడు. ఆయనే మా బాబాయి, పిట్టల సంఘం అధ్యక్షుడు.

రెండేళ్ళ క్రితం ఈ నియమం పెట్టిన రోజే మా సంఘంలోని బ్యాంకు మేనేజరుగారు మండిపడ్డారు. కెమెరాకి మోచేతంత లెన్సు కొన్న మనిషి మరి.

"చూడ్డానికొచ్చి కళ్ళు మూసుకోవడమేంటండీ?"

"తెరిస్తే ఒక్కటే కనబడుతుంది సార్. మూస్తే నాలుగు వినబడతాయి."

"నాలుగోది మీ గురక!"

నిజమే. ఆ రోజు సంఘం నోటుబుక్కులో గుడ్లగూబ అని రాసుకున్నది ఆ గురకనే.

అలాంటి మనిషికి కళ్ళారా చూడాలన్న ఆశ ఒక్కటుంది. పదేళ్ళప్పుడు ఒక తెల్ల తోక పిట్టని చూశాడట. "గజం తోక, అమ్మడూ! రిబ్బను ఎగిరినట్టే!" అంటూ ఇప్పటికీ కత్తెర ఆపేస్తాడు. చెట్లు కొట్టేశాక అది మళ్ళీ రాలేదు. నలభై ఏళ్ళుగా మిషన్ కిటికీ దగ్గరే వేసుకుని ఎదురుచూస్తున్నాడు. "నాకోసం ఒక్కపూటైనా అలా చూశారా?" అంటుంది పిన్ని.

మొన్న ఆదివారం ఒక కొత్త కూత వినిపించింది. టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే ఆపరేటరక్క బాబాయి చెయ్యి పట్టుకుంది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు.

"ఇది ఎప్పుడూ విన్లేదు బాబాయిగారూ. ఎదురుగానే ఉంది."

దొంగచూపు నాకలవాటు. కళ్ళు తెరిచాను. పొద మీద తెల్ల తోక!

"బాబాయ్, నీ పిట్టే! కళ్ళు తెరువు!"

ఆయన రెప్పలు అదిరాయి.

"ఉష్! అమ్మాయి వింటోంది. తనతోపాటే నేనూ."

పిట్ట ఎగిరిపోయింది. మేనేజరుగారు లెన్సు మూతైనా తియ్యలేదు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆపరేటరక్క సంఘంలో చేరతానని వచ్చినప్పుడు, "చూపు లేకుండా పిట్టల్నేం చూస్తావమ్మా?" అని అందరం నవ్వాం. బాబాయి ఎవర్నీ ఏమీ అనలేదు. మరుసటి ఆదివారమే మా అందరి కళ్ళూ మూయించాడు.

"ఇప్పుడు చెప్పు అమ్మడూ, మా ఇద్దరికీ. తోక ఎంతుంది?"

ఆయన మెడలోని టేపు తీసి, ఒక కొస అక్క చేతిలో పెట్టాను. అడుగు దూరంలో ఆయన వేళ్ళు ఆనించాను.

"అడుగేనా? నా చిన్నప్పుడు గజం ఉండేదే!"

అక్క టేపంతా మెల్లగా తడిమింది. "అయితే ఇది దాని మనవడేమో బాబాయిగారూ. ఇంకా ఎదగాలి."

బాబాయి పకపకా నవ్వాడు. కళ్ళు మాత్రం తెరవలేదు.

"మేనేజరుగారూ, రాసుకోండి. చూసినవాళ్ళు, పదిమందీ."