రామతులసి కుడిచెయ్యి

రామతులసికి నలభై రెండేళ్లు. పెద్దాపురం దగ్గర పల్లెలో నాలుగు గేదెల్ని సాకుతూ ఇంటింటికీ పాలు పోస్తుంది. తొందరెక్కువ. ఒకరికి పని చెప్పి కూర్చునే మనిషి కాదు.

ఆ ఉదయం ఏడుంపావుకి కరెంటు మిషన్లో పచ్చగడ్డి నరుకుతుంటే మోపు ఇరుక్కుంది. మిషను ఆపకుండానే చేత్తో నెట్టింది. గడ్డితోపాటు చెయ్యీ లోపలికి పోయింది. మణికట్టు దగ్గర తెగిపడింది.

అరుపు విని భర్త రాజేంద్ర పరిగెత్తుకొచ్చి స్విచ్చి ఆపాడు. తువ్వాలుతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేశాడు. పక్కింట్లో ఉండే చేపల సుబ్బాయమ్మ తన ఐసు పెట్టె తెచ్చింది. తెగిన చేతిని అందులో వేయబోతుంటే ఫోను స్పీకర్లో అవతలి మనిషి గట్టిగా అరిచాడు.

“ఐసుకి తగలనివ్వకండమ్మా! తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి కట్టండి. ఆ కవరు ఐసు మీద పెట్టండి.”

అంబులెన్సులో రాజమండ్రి వెళ్లేదాకా ఆ పెట్టె రాజేంద్ర ఒళ్లోనే ఉంది.

“ఏవండీ, నా చెయ్యేదండీ?”

“ఇక్కడే ఉంది. నువ్వు కళ్లు మూయకు.”

ఆసుపత్రిలో డాక్టర్ దేవిశ్రీ పెట్టె తెరిచి చూసింది.

“తెగింది బ్లేడుకే గానీ, మిషను చేతిని లాగేసిందండి. లోపల రక్తనాళాలు సాగి చిట్లిపోయాయి. పాడైనంత మేర తీసేసి, కాల్లోంచి రక్తనాళం తెచ్చి అతకాలి. ప్రయత్నిస్తాను. మాట మాత్రం ఇవ్వలేను.”

తొమ్మిది గంటలు పట్టింది. చేపల వాసన కొడుతున్న లుంగీతో రాజేంద్ర వరండాలో నిలబడే ఉన్నాడు. చివరికి రక్తం అంది వేళ్లు ఎర్రబారాయి.

మర్నాడు మధ్యాహ్నం నర్సు గోరు నొక్కి చూసి డాక్టర్ కోసం పరిగెత్తింది. వేళ్లు ఉబ్బి, నేరేడుపండు రంగుకి తిరిగాయి.

“రక్తం వెళ్తోంది గానీ తిరిగి రావట్లేదు. సిరలో గడ్డ కట్టింది. మళ్లీ తెరవాలి,” అంది దేవిశ్రీ.

రామతులసి ఎడంచేత్తో ఆమె కోటు పట్టుకుంది. “తీసేసేదైతే ముందు నాకు చెప్పండి డాక్టరుగారూ. మత్తులో ఉండగా తియ్యకండి.”

“మీకు చెప్పకుండా తియ్యనండి.”

గడ్డ తీసి, సిరను మళ్లీ అతికారు. ఆ తర్వాత అయిదు రోజులు గంటగంటకీ వేళ్ల రంగు చూశారు. రాజేంద్రకి కునుకు పడితే ఉలిక్కిపడి లేచేవాడు. ఆరోనాడు దేవిశ్రీ చేతిని చాలాసేపు పట్టుకు చూసి, “నిలబడిందండి,” అంది.

ఇది జరిగి ఏడాదిన్నర. చిటికెన వేలు వంగదు. చలికి చెయ్యి మొద్దుబారుతుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి రామతులసికి పావుగంట పడుతుంది. అయినా ఎవర్నీ సాయం రానివ్వదు.