ఐదో పాటలో ఎగిరిన సూది

1986 ఫిబ్రవరి 11, మంగళవారం. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో ఉన్న మా రికార్డింగ్ సెంటర్‌లో ఎల్పీ తిరుగుతోంది. ఉన్నట్టుండి సూది ఎగిరి రెండు మూడు గీతలు దాటి పడింది. అద్దాల అలమరలో కేసెట్లు గలగలమన్నాక గానీ నేల అదిరిన సంగతి నాకు తెలియలేదు. 

మా ఊళ్ళో నేల అదరడం కొత్త కాదు. గనిలో షిఫ్ట్ చివర మందు పెట్టి రాయి పేల్చే బ్లాస్టింగ్ ఉంటుంది. పైన నడిచే మనుషులకు తెలియకపోయినా సూదికి తెలుస్తుంది. అందుకే ఆ వేళకు నేను రికార్డు పెట్టను. కానీ ఇది బ్లాస్టింగ్ వేళ కాదు. వేళకాని వేళ అదిరితే అది బర్స్ట్. అంటే మైళ్ళ లోతున రాయి తన మీది బరువు తాళలేక తానే పగిలిపోవడం. ఆ లోతులోనే మా ఆయన మునిరత్నం ఉన్నారు. ఆయన టింబర్‌మ్యాన్. తవ్విన సొరంగం కూలకుండా దుంగలను ఆసరాగా నిలబెట్టే పని.

ముందు నా పని గురించి చెప్పాలి. బీఎస్సీ చదివి, పగలు ఇద్దరు పిల్లల్ని అత్తమ్మ దగ్గర వదిలి, రెండేళ్ళుగా ఈ కొట్లో పని చేస్తున్నాను. జనం చీటీ మీద పాటలు రాసిస్తారు. ఎల్పీల నుంచి వాటిని ఖాళీ కేసెట్ మీదికి ఎక్కించి ఇస్తాం. టేపు ఎంత తిరిగిందో చెప్పే కౌంటర్ అనే మూడంకెల చక్రం కేసెట్ ఎక్కించే డెక్‌లో ఉంటుంది. ప్రతి కేసెట్ మొదలుపెట్టిన నిమిషం ఆర్డర్ పుస్తకంలో రాస్తాను. కరెంటు మధ్యలో పోతే ఎక్కడిదాకా ఎక్కిందో లెక్క తెలియాలి కదా.

ఆ రోజు ఆర్డర్ గోవిందప్ప మామది. ఆయన నాకు చుట్టం కాదు, ఊరంతా ఆయనను మామ అనే పిలుస్తుంది. ముప్పై ఏళ్ళు షాఫ్ట్, అంటే గనిలోకి దిగే నిలువు బావి, దగ్గర బ్యాంక్స్‌మన్‌గా చేసి రిటైర్ అయ్యారు. గనిలోకి మనుషుల్ని దింపే ఇనుప పంజరాన్ని కేజ్ అంటారు. అది దిగడానికీ లేవడానికీ గంట కొట్టేది బ్యాంక్స్‌మనే. సాయంత్రాలు క్లబ్బు బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవారు. తేదీకొక పేజీ చొప్పున ఒక లావుపాటి నోటుబుక్కు ఆయన దగ్గర ఉంది. ఆ తేదీన పాటల లోకంలో ఏమేం జరిగిందో పత్రికల్లో చూసి, రేడియోలో విని అందులో రాసుకుంటారు. నెలకొక తేదీ ఎంచుకుని క్లబ్బు హాలులో కార్మికులకు పాటలు వినిపిస్తారు.

ఫిబ్రవరి 11 పేజీ ఆయనకు చాలా ఇష్టం. 1963లో లండన్‌లో నలుగురు కుర్రాళ్ళు ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చుని ఒక్క రోజులో పది పాటలు రికార్డు చేశారు. పాడేవాడికి జలుబు, చివరి పాటకు గొంతు చిరిగిపోయింది. సరిగ్గా ఏడాదికి, అదే తేదీన, ఆ నలుగురే అమెరికాలో మొదటి కచేరీ చేశారు. 1974లో అదే తేదీన మన తెలుగు సినిమా పాటకు పెద్ద గొంతు మద్రాసులో ఆగిపోయింది. కేసెట్‌కు ఒక వైపు ఆ కుర్రాళ్ళ ఎల్పీ, రెండో వైపు ఆ పెద్ద గొంతు పాడిన మన పద్యాలు పెట్టమని అడిగారు. ఎల్పీ తన సొంతం కాబట్టి ఎవరి చేతికీ వదిలేవారు కాదు. నా ఎదురుగా బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నారు.

సూది ఎగరగానే నేను చేసిన పని ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది. చేయి ఎత్తి సూదిని పక్కన పెట్టాను, టేపు వెనక్కి తిప్పాను, కౌంటర్‌ను సున్నాకు నొక్కాను. రికార్డింగ్‌లో తప్పు పడితే కస్టమర్ నోరు తెరిచేలోగా మొదటికి తెచ్చి మళ్ళీ ఎక్కించాలని నాకు నేర్పారు. భయంతో తల పనిచేయని సమయంలో కూడా చేతులు ఆ పనే చేసేశాయి. ఏ నిమిషంలో అదిరిందో చెప్పగలిగిన ఒకే ఒక అంకె అలా చెరిగిపోయింది.

కాసేపటికి బయట టీ కొట్టు వాళ్ళు అంబులెన్సు షాఫ్ట్ వైపు వెళ్ళిందని చెప్పుకుంటున్నారు. అది మా ఆయన దిగే షాఫ్ట్. నేను చెప్పులు వెతుక్కుంటున్నాను. గోవిందప్ప మామ లేచి అడ్డం నిలబడ్డారు.

"బస్సు పదకొండున్నరకు గాని లేదు. అంతవరకు ఒక లెక్క చూద్దాం. టేపు ఎన్ని గంటలకు పెట్టినావు?"

పుస్తకం చూశాను. 10:36. వాచీలో అప్పటికే పదకొండు దాటింది, అదిరి ఎంతసేపైందో భయంలో నేను చూసుకోలేదు. కొట్టు గోడ గడియారం ఎప్పుడూ పదినిమిషాలు అటూ ఇటూ ఉంటుంది. కానీ నేను రాసుకునేది నా చేతి వాచీ చూసి. రోజూ పొద్దున్న గని సంగు, అంటే సైరన్, ఊదగానే మా ఆయన ఆ వాచీని సరిచేసి నా చేతికి ఇచ్చి షిఫ్ట్‌కు వెళ్తారు.

ఆ లెక్క ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. కిందివాళ్ళకు పదిన్నర నుంచి పదకొండు దాకా విశ్రాంతి. టిఫిను తినడానికి అందరూ స్టేషన్‌కు, అంటే ఆ లోతులో కేజ్ ఆగే చోటికి వస్తారు. అక్కడ కట్టుబడి గట్టిది. పదకొండు తర్వాత మళ్ళీ రాయి తవ్వే చోటికి వెళ్తారు. బర్స్ట్ పదకొండుకు ముందు వచ్చి ఉంటే బతుకు, తర్వాతైతే చెప్పలేం.

"ఐదో పాట. డ్రమ్మర్ పాడేది. గిటారు అందుకునే చోట ఎగిరింది. నా వేలు ఆగిపోయిన చోటు నాకు తెలుసు," అన్నారు మామ.

ఎల్పీని మొదటి నుంచి మళ్ళీ పెట్టాను. నా జీవితంలో అంత పొడుగైన పాటలు వినలేదు. కుర్రాళ్ళు హుషారుగా అరుస్తున్నారు, నేను వాచీ ముల్లునే చూస్తున్నాను. మధ్యలో ఒకసారి పిల్లలు గుర్తొచ్చి కన్ను చెదిరితే మామ బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టి నన్ను వాచీ వైపు తిప్పారు. ఐదో పాటలో గిటారు అందుకునే చోట టక్‌మని చప్పుడు వచ్చింది. సూది ఎగిరినప్పుడు పడిన గీత అది. మొదటి నుంచి పదకొండున్నర నిమిషాలు.

"పది నలభై ఏడు," అన్నాను. "విశ్రాంతి వేళే మామా. అందరూ స్టేషన్‌లోనే ఉంటారు."

మామ తల ఊపలేదు. ఎల్పీని కవర్‌లో పెట్టారు. నేను ఆయన ముఖం చూస్తూ ఉండగా ఇంట్లో ఎన్నోసార్లు విన్న మాట గుర్తొచ్చింది. టింబర్‌మ్యాన్లు అందరితో కలిసి లేవరు. జనం తిరిగి వెళ్ళే ముందు దుంగలు సరిగ్గా ఉన్నాయో లేదో తట్టి చూడాలి కనుక పావుగంట ముందే, పది నలభై ఐదుకే లేస్తారు.

"అక్కడినుంచి పని చోటికి నడక ఎంత?" అని అడిగాను.

"నేను చేసినప్పుడు అంత లోతుకు తవ్వలేదు, ఆ లెవెల్ లేదమ్మా. అబద్ధం చెప్పేది నాకు చేతకాదు," అన్నారు.

నేనూ మామా బస్సు దిగేసరికి షాఫ్ట్ గేటు దగ్గర నలభై మంది దాకా ఆడవాళ్ళు ఉన్నారు. కొందరు పొయ్యి మీద అన్నం అలాగే వదిలి వచ్చారు. గుమాస్తా బయటికి వచ్చి, కింద నుంచి ఫోన్ పదకొండు దాటాక వచ్చిందనీ, ఏ లెవెలో తెలిసిందే గాని ఎవరి పేర్లూ తెలియలేదనీ చెప్పి లోపలికి వెళ్ళాడు. అతను చెప్పింది ఫోన్ వచ్చిన వేళ. వీళ్ళకు వినపడింది బర్స్ట్ వచ్చిన వేళ. విశ్రాంతి వేళ ఎప్పుడో గని ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పదకొండు దాటాక అనగానే ఏడుపులు మొదలయ్యాయి.

నేను ముందుకు వెళ్ళి చెప్పాను. బర్స్ట్ పది నలభై ఏడుకు వచ్చిందనీ, మీవాళ్ళంతా స్టేషన్‌లో టిఫిను తింటూ ఉంటారనీ.

మా గని ఇళ్ళ లైన్లలోనే ఉండే పాపమ్మ నా మీదికి వచ్చింది. "నీకెట్లా తెలుసు? పాటల అంగట్లో కూర్చోనుండేదానివి. యాడనుంచి వచ్చినాది నీకీ లెక్క?"

ఆర్డర్ పుస్తకం చూపించాను. ఆమెకు చదువు రాదు. మామ వెనకనుంచి వచ్చి అన్నారు: "ముప్పై ఏండ్లు ఈడ గంట కొట్టినోణ్ణి చెప్తా ఉండాను. ఈ బిడ్డ లెక్క సరిగా ఉండాది."

ఏడుపులు మెల్లగా తగ్గాయి. ఒకామె కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. పాపమ్మ మాత్రం నన్నే చూస్తూ ఉంది.

"మీ ఆయన టింబరు కదా?"

అవునన్నాను. ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది.

పన్నెండున్నరకు మొదటి కేజ్ పైకి వచ్చింది. దుమ్ముతో తెల్లబడిన ముఖాలు, ఒకరి తర్వాత ఒకరు. పాపమ్మ మొగుడు రెండో కేజ్‌లో వచ్చాడు. ఆమె ఆయన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఇంటికి పో, అన్నం పెట్టుకోని తిను," అని చెప్పి నా దగ్గరే ఉండిపోయింది. మూడో కేజ్, నాలుగో కేజ్. గేటు దగ్గర జనం పలచబడ్డారు. చివరికి మేం ఐదారుగురమే మిగిలాం. మామ ఒక్కమాట కూడా మాట్లాడలేదు. ఆ మౌనానికి నేను ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను. ఎవరైనా ధైర్యం చెప్పి ఉంటే నేను కూలిపోయేదాన్ని.

మూడున్నరకు కేజ్‌లో స్ట్రెచర్ వచ్చింది. మా ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమ కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆయనతో వెళ్ళిన ఇంకొకతను భుజం పట్టుకుని పక్కనే నడిచి వచ్చాడు. ఆసుపత్రిలో ఆయన నాతో అన్న మొదటి మాట ఇది: "రెండు నిమిషాలే నడిచినాం సుగుణా. పోయిన వారం మేం నిలబెట్టిన దుంగల కిందే ఉండినాం. ఇంగ పది నిమిషాలు పోయింటే పని చోటు కాడ ఉండేవాళ్ళం. ఆ చోటే లేదిప్పుడు."

నా లెక్కలో నన్ను చంపిన ఆ రెండు నిమిషాలే ఆయన్ను బతికించాయి.

మామ హాలులో పాటల సాయంత్రం వచ్చే నెలకు వాయిదా వేసుకున్నారు. మళ్ళీ టేపు ఎక్కించేటప్పుడు, గీత లేని ఎల్పీ బెంగుళూరులో ఎక్కడైనా వెతికి తెప్పిస్తానన్నాను. అక్కర్లేదన్నారు. హాలులో ఐదో పాట దగ్గర ఆ టక్ వినిపించినప్పుడు కార్మికులు ఎవరూ నవ్వలేదట. ఆ తేదీ పేజీలో, మద్రాసులో ఆగిన గొంతు కింద, మామ ఇంకొక వాక్యం రాసుకున్నారు. చూపించమని నేను అడగలేదు.

ఈ పని నాకు నేర్పింది ఒకటి ఉంది. తప్పు కనపడగానే తుడిచేసి మొదటికి వెళ్ళడం మంచి పనితనం అని నేను నమ్మేదాన్ని. ఆ రోజు నుంచి ఏ రికార్డింగ్ చెడినా ముందు కౌంటర్ అంకె, వాచీ నిమిషం రాసుకుంటాను. ఆ తర్వాతే టేపు వెనక్కి తిప్పుతాను. కొత్తగా పనికి వచ్చిన అమ్మాయికి కూడా మొదట అదే నేర్పాను. ఆమెకు ఇది చాదస్తంలా అనిపిస్తుందని తెలుసు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నది సగం ఆమె కోసమే.

ఆ బర్స్ట్ వచ్చిన మర్నాడు పొద్దున్న మా పెద్దది రేవతి, ఐదేళ్ళది, లేస్తూనే నాన్నను తలచుకుని అప్ప యాడ అని అడిగింది. అత్తమ్మ నా వైపు చూసి, ఊరికి పోయినాడని చెప్పమన్నట్టు సైగ చేసింది. నేను ఇద్దర్నీ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. కింద రాయి పగిలిందనీ, అప్ప కాలు విరిగిందనీ, ఆసుపత్రిలో ఉన్నాడనీ, సాయంత్రం చూడడానికి వెళ్తామనీ చెప్పాను. చిన్నవాడికి ఏమీ అర్థం కాలేదు, నా గాజులతో ఆడుకున్నాడు. రేవతి తల ఎత్తి అడిగింది:

"కాలు బాగైనాక అప్ప మళ్ళీ కిందికి పోతాడా?"

"పోతాడు," అన్నాను. "నాకు భయంగా ఉంటాది. నీకూ భయమేస్తే వచ్చి నాకు చెప్పు. ఇద్దరమూ కలిసి ఎదురుచూద్దాం."